చిన్న పరిశ్రమకు ముందు ఒక మీటరు చాలు

 

మన స్కూలు వాళ్లలో సొంత యూనిట్లు నడుపుతున్నవారు ఈ హాల్లో చాలామందే ఉన్నారు. అందుకని నా పని గురించే నాలుగు మాటలు చెబుతాను. బాలానగర్, జీడిమెట్ల లాంటి చోట్ల చిన్న వర్క్‌షాపులకు వెళ్లి కరెంటు ఎక్కడ వృథాగా పోతోందో చూస్తుంటాను. డిజిటల్, పర్యావరణం అనగానే ఓనరు ముందు ‘ఖర్చెంత?’ అంటాడు. న్యాయమే. అందుకే సాఫ్ట్‌వేర్ ఊసెత్తను. కంప్రెసర్ దగ్గర మొదలుపెడతాను.

భోజన విరామంలో మిషన్లన్నీ ఆపినా కంప్రెసర్ మధ్యమధ్యలో లోడు తీసుకుంటోందంటే గాలి ఎక్కడో లీకవుతున్నట్టే. 2 నిమిషాలు లోడు మీద, 6 నిమిషాలు ఖాళీగా తిరిగిందనుకోండి, దాని సామర్థ్యంలో పావు వంతు లీకులకే పోతోంది. 7 బార్ ప్రెషర్‌లో 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒక్కటే గంటకు 3 యూనిట్ల పైన తినేస్తుంది. రోజుకు 10 గంటలు, ఏడాదికి 300 రోజులు వేసుకుంటే 9000 యూనిట్లు. మన గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్కన 6 టన్నుల పైమాటే. దాన్ని ఆపడానికి కావలసింది సబ్బు నీళ్లు, టెఫ్లాన్ టేపు, ఓ కొత్త క్లిప్పు.

మరి డిజిటల్ ఎందుకంటారా? ఇవాళ మూసిన లీకు రేపు ఇంకోచోట మొదలవుతుంది గనక. కంప్రెసర్‌కు విడిగా ఒక ఎనర్జీ మీటరు పెట్టి, రీడింగు ఫోనుకు వచ్చేలా చేస్తే అది వెంటనే తెలిసిపోతుంది.

ఒకచోట మే నెలలో ఆ గ్రాఫు రోజూ మధ్యాహ్నం రెండు దాటాక పైకి లేస్తోంది. పని చూస్తే పెరగలేదు. ఆపరేటర్లే గాలి వృథా చేస్తున్నారని ఓనరు మండిపడి, జీతం కోస్తానన్నాడు. వాళ్లలో పెద్దాయన్ని పక్కకు పిలిచి అడిగాను.

“రేకుల షెడ్డు సార్, లోపల నిలబడలేకపోతున్నాం. ఎయిర్ గన్ చొక్కాలో పెట్టుకుంటున్నాం” అన్నాడు.

అది ఒంటికి ప్రమాదం కూడా. గోడ ఫ్యాను వంద వాట్లతో చేసే పనికి ఎయిర్ గన్ కిలోవాట్లు లాగుతుంది. నాలుగు ఫ్యాన్లు పెట్టించాం. గ్రాఫు దిగింది. జీతాలు కోయలేదు.

అప్పటినుంచి ఓనర్లకు ఒక షరతు పెడుతున్నాను. రీడింగు మీ ఫోనులోనే ఉంచుకోవద్దు, మిషను పక్కన బోర్డు మీద తెలుగులో రాయించండి, ఆపరేటరు చేతే రాయించండి. లేకపోతే వాళ్లకు అది ఇంకో సీసీ కెమెరా లాగే కనిపిస్తుంది, వైరు ఎప్పుడో ఊడిపోతుంది.

మీలో ఎవరి యూనిట్‌కైనా వస్తాను. ఫీజేమీ లేదు. కాకపోతే భోజనాల వేళకే పిలవండి, మిషన్లు ఆగితేనే కంప్రెసర్ సంగతి తెలిసేది.