పెరట్లో సంపెంగ ఇంకా పూయలేదా?



మా వీధి ఆడవాళ్ళం నలుగురం కలిస్తే తప్పకుండా వచ్చే మాట ఒకటుంది. "మా చెట్టు ఏపుగా పెరిగిందండీ, ఒక్క పువ్వు లేదు, ఏం చెయ్యమంటారు?" అని. ఈ పూట ఆ సంగతే ముచ్చటించుకుందాం. నేను తోటల శాస్త్రం చదివినదాన్ని కాను. పదో తరగతితో చదువాపి, ఇల్లు చూసుకుంటూ పెరట్లో నేర్చుకున్నదే చెబుతున్నాను.

మేము ఇల్లు కట్టుకున్న ఏడాది మా పుట్టింటి సంపెంగ గింజ తెచ్చి మొలిపించి నాటాను. అదే ఏడు పక్కింటివారు నర్సరీలో ఒక సంపెంగ మొక్క కొన్నారు. వాళ్ళది మూడో ఏటే పూసింది. మాది అయిదేళ్ళయినా ఆకులే. ఒకనాడు అందరం కాఫీలు తాగుతుంటే మా అత్తయ్యగారు, "గొడ్డు చెట్టమ్మాయ్ ఇది, కొట్టించెయ్యి. ఆ చోట కరివేపాకు వేసుకున్నా పనికొస్తుంది" అన్నారు. నేనూ నవ్వాను. మా తోటికోడలు మాత్రం గ్లాసు అక్కడే పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆమెకు పెళ్ళై ఆరేళ్ళు, ఇంకా పిల్లలు లేరు. నవ్వినందుకు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు నర్సరీలో చెట్లు చూసే పెద్దాయన్ని అడిగాను. ఆయన మొదటి ప్రశ్న, "గింజ మొక్కా అమ్మా, అంటు మొక్కా?" అని. అసలు కీలకం అక్కడే ఉంది. గింజ నుంచి వచ్చిన చెట్టుకు బాల్యం ఉంటుంది. అది గడిచేదాకా మనం ఏం చేసినా పూయదు. గింజ సంపెంగకు ఏడెనిమిదేళ్ళు, ఒక్కోసారి పదేళ్ళూ పడుతుంది. అంటు కట్టే కొమ్మ అప్పటికే పూస్తున్న చెట్టుది గనుక రెండు మూడేళ్ళకే పూస్తుంది. దేవగన్నేరు కొమ్మ నాటితే త్వరగా పూసేదీ అందుకే. మనం ఎక్కువగా గింజతోనే పెంచే తురాయికి అయిదారేళ్ళు, ఒక్కోచోట ఇంకా ఎక్కువే కావాలి. పెయ్యదూడ పాలివ్వలేదని ఎవరైనా అమ్ముకుంటారా చెప్పండి!

మరి ఈడు వచ్చినా పూయకపోతే? అప్పుడు మన చేతుల్లో ఉన్న తప్పులు చూసుకోవాలి.

మొదటిది ఎరువు. పూయడం లేదని గుప్పెళ్ళతో యూరియా వేస్తాం. నేనూ వేశాను. యూరియాలో నూటికి 46 పాళ్ళు నత్రజనే. అది ఆకుకు బలం. చెట్టు కొత్త చిగుళ్ళు వేస్తూ పోతుందే గాని మొగ్గ మాట తలపెట్టదు. తొలకరికి బాగా మాగిన పశువుల ఎరువు వేస్తే చాలు. మొదట్లో నీళ్ళు నిలవనివ్వకండి, సంపెంగ వేళ్ళకు అది బొత్తిగా పడదు.

రెండోది ఎండ. పక్క మేడ నీడలో పడిన చెట్టు వెలుతురు కోసం పొడుగు సాగుతుంది, పువ్వు మాత్రం తగ్గిపోతుంది. పూల చెట్టుకు రోజులో అయిదారు గంటల ఎండ తగలాలి. నాటేముందే ఇది చూసుకోవాలి.

మూడోది కత్తిరింపు. తురాయి, రేల వేసవిలో పూస్తాయి. కరెంటు తీగలకు అడ్డమని సంక్రాంతి వెళ్ళగానే కొమ్మలు నరికిస్తే, పువ్వు రావలసిన కొసలు కాస్తా పోతాయి. తప్పనిసరైతే పూత అయిపోయాక నరికించండి.

నాలుగోది అంటు మొక్కల సంగతి. అంటు కట్టిన చోటుకు కింద చిగుళ్ళొస్తే వెంటనే తీసెయ్యాలి. ఉపేక్షిస్తే ఆ అడుగు మొక్కే పైకి లేస్తుంది, అసలు కొమ్మ క్షీణిస్తుంది. అంచేత కొనేటప్పుడే గింజదా అంటుదా అని అడిగి, నాటిన ఏడాది కేలండరు మీదైనా రాసి పెట్టుకోండి.

నేను యూరియా మానేసి ఊరుకున్నాను. తొమ్మిదో ఏట వానలు పడ్డాక ఒక ఉదయం పెరడంతా వాసన. ఆకుల మాటున మూడు పువ్వులు! అత్తయ్యగారు ఒకటి దేవుడికి పెట్టి, ఒకటి తను తురుముకుని, మూడోది తనే తీసుకెళ్ళి మా తోటికోడలి జడలో పెట్టారు. ఆమెకు ఇప్పటికీ పిల్లలు లేరు. కాని ఆనాటి మాట మా ఇంట్లో మళ్ళీ వినపడలేదు, చెట్టు గురించి కూడా.

కనుక గొడ్డలి పిలిచేముందు దాని వయసు లెక్కపెట్టండి. నోరు జారేముందు పక్కన ఎవరున్నారో చూడండి.