పెరట్లో కోడి ఉన్నట్టుండి చచ్చిపోతే

(రేడియో ప్రసంగ పాఠం)

నేను వృత్తిరీత్యా ఐటీ కన్సల్టెంటుని. కోళ్ల గురించి మాట్లాడే అర్హత ఇతనికేముందని మీకు సందేహం రావచ్చు. మా పెరట్లో ఆరు కోడిపెట్టలు ఉండేవి. వాటిలో మూడు చచ్చిపోయాయి. నా అర్హత అంతే.

మేముండేది డాలస్‌కి ఉత్తరాన. మా ఊళ్లో పుంజుల్ని పెంచనివ్వరు గానీ పెట్టల్ని పెంచుకోవచ్చు. 2025 మొదట్లో గుడ్ల ధరలు ఆకాశాన్నంటినప్పుడు, చాలామందిలాగే నేనూ ఓ చెక్క గూడు కొని, గుడ్లు పెట్టే వయసుకొచ్చిన ఆరు పెట్టల్ని తెచ్చాను. మా అమ్మాయి ఆరింటికీ పేర్లు పెట్టింది. ఏప్రిల్‌లో కృష్ణా జిల్లా నుంచి మా అమ్మ వచ్చింది. అమెరికాలో ఆవిడకు తోచేది కాదు. ఈ కోళ్లే ఆవిడకు కాలక్షేపం.

నేను సోమవారం విమానమెక్కి గురువారం రాత్రి ఇల్లు చేరే బాపతు. జూన్‌లో ఒక మంగళవారం పొద్దున్నే మా ఆవిడ ఫోను చేసింది. ముందురోజు గుడ్డు పెట్టి, సాయంత్రం శుభ్రంగా తిని గూట్లోకి వెళ్ళిన పెట్ట, తెల్లారేసరికి కింద పడి ఉందట. గాయం లేదు, ఒక్క ఈక ఊడలేదు. పెరట్లో ఓ మూల పాతిపెట్టారు. పది రోజులకు ఇంకొకటి, అచ్చు అలాగే. దాన్నీ పాతిపెట్టాం.

ఇక సలహాలు మొదలయ్యాయి. మా అమ్మ "కొక్కెర తెగులురా" అంది. ఇండియా నుంచి మా బాబాయి "ఎండదెబ్బ" అన్నాడు. పక్కింటాయన బర్డ్ ఫ్లూ అన్నాడు. మా ఆవిడ స్నేహితురాలు దిష్టి అంది. దిష్టి సంగతి నాకు తెలియదు గానీ, మిగతా మూడూ కొట్టిపారేయదగ్గవి కావు.

కొక్కెర తెగులంటే రాణీఖేత్ జబ్బు. 1926లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లోనూ, మరుసటి ఏడు మన కుమావూ కొండల్లోని రాణీఖేత్‌లోనూ దీన్ని గుర్తించారు. అందుకే ఇక్కడివాళ్ళు న్యూకాసిల్ అంటారు, మనం రాణీఖేత్ అంటాం. కోడి పచ్చగా పారుతుంది, నోరు తెరిచి రొప్పుతుంది, మెడ మెలితిరుగుతుంది. అమెరికాలో ఇది మామూలుగా ఉండదు. అయినా 2018 నుంచి 2020 దాకా దక్షిణ కాలిఫోర్నియాలో వ్యాపించింది. అదీ ఎక్కువగా పెరటి కోళ్లలోనే.

ఎండదెబ్బ కూడా నిజమే. కోడికి చెమట పట్టదు. దాని ఒంటి వేడే దాదాపు 106 డిగ్రీల ఫారన్‌హీట్. రొప్పడం ద్వారానే చల్లబడాలి. నీడా, నీళ్ళూ లేకపోతే టెక్సస్ మధ్యాహ్నం దాన్ని చంపేస్తుంది. కానీ మావి రాత్రిపూట పోయాయి, నీళ్ళ తొట్టి నిండుగా ఉంది.

బర్డ్ ఫ్లూ మాట వినగానే మాత్రం నాకు గుండె జారింది. 2022 ఫిబ్రవరిలో ఇండియానాలో ఒక టర్కీ కోళ్ల ఫారంలో బయటపడ్డ ఈ వైరస్ అడవి బాతులూ, ఇతర వలస పక్షుల వల్ల దేశమంతా పాకింది. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల ఫారాల్లోనూ కనిపించింది. 2025 జనవరిలో లూసియానాలో, పెరటి కోళ్లతోనూ అడవి పక్షులతోనూ మసిలిన ఒక పెద్ద వయసు మనిషి దీనితోనే చనిపోయారు. మా అమ్మాయి కోళ్లకు ముద్దులు పెట్టేది. ఆ రాత్రి హోటల్ గదిలో నాకు నిద్ర పట్టలేదు.

అప్పుడు తట్టింది. ఆఫీసులో ఎవడైనా లాగ్ ఫైలు చెరిపేసి బగ్ ఎక్కడుందో ఊహిస్తూ కూర్చుంటే వాణ్ణి తిడతాను. నేను చేసిందేమిటి? సాక్ష్యాన్ని రెండుసార్లు నేనే మట్టిలో పాతిపెట్టాను.

జూలైలో మూడో పెట్ట పోయింది. ఈసారి రాష్ట్ర పశువైద్య పరీక్షల ల్యాబుకి ఫోను చేశాను. వాళ్ళు చెప్పినట్టే చేతులకు గ్లోవ్స్, మూతికి మాస్కు వేసుకుని, కోడిని రెండు ప్లాస్టిక్ సంచుల్లో మూటకట్టి, ఐసు ముక్కల మధ్య పెట్టి అదే రోజు అందజేశాం. చల్లగా ఉంచాలి గానీ ఫ్రీజరులో గడ్డకట్టించకూడదు. గడ్డకడితే లోపలి కండ పాడైపోయి పరీక్షకు పనికిరాదు.

రిపోర్టు వచ్చింది. బర్డ్ ఫ్లూ లేదు, రాణీఖేత్ లేదు. కడుపు నిండా కొవ్వు. కాలేయం, అదే మనం కార్జం అంటామే, అది పసుపు రంగులో ఉబ్బి, చిదిమితే చిట్లేంత మెత్తబడి ఉంది. అది పగిలి లోపలే రక్తం పోయి కోడి చచ్చిపోయింది. బాగా గుడ్లు పెడుతూ, కదలిక లేక, పిండిపదార్థాలు ఎక్కువగా తినే పెట్టలకు, అందులోనూ ఎండాకాలంలో, ఇలా జరుగుతుందట. బయటికి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు.

"ఏం పెడుతున్నారు?" అని అడిగాడు డాక్టరు. అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. పొద్దున చద్దన్నం, మధ్యాహ్నం ఇడ్లీ, సాయంత్రం మొక్కజొన్నలు. దాణా తొట్టిలో దాణా అలాగే ఉండేది.

ఆవిడకు ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు దాచాను. చివరికి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "మనూళ్ళో కోడి రోజంతా తిరిగి ఏరుకు తినేదిరా. దానికి గుప్పెడు నూకలు చాలు. ఇక్కడ జైల్లో పెట్టి పెళ్ళిభోజనం పెట్టాను." నేను వారమంతా ఊళ్ళు తిరిగి, గూటివైపు తొంగి కూడా చూడనివాణ్ణి. ఆవిణ్ణి అనడానికి నాకు నోరెక్కడిది?

ఆ తర్వాత గుడ్ల కోళ్ల దాణా మాత్రమే పెడుతున్నాం. ఒక్కో పెట్ట రోజుకు సుమారు పావు పౌను తింటుంది. చిరుతిళ్ళు అందులో పదో వంతు దాటనివ్వం, అదీ ఆకుకూరలే ఎక్కువ. పెరట్లో తిరగడానికి కంచె వేశాం. మిగిలిన మూడూ బాగున్నాయి. కానీ మొదటి రెండూ దేనితో పోయాయో నాకు ఎప్పటికీ తెలియదు. అవీ దీనితోనే పోయాయనుకోవడం కూడా ఊహే.

కోళ్లు పెంచే శ్రోతలకు రెండు మాటలు చెప్పి ముగిస్తాను. ఒక్క కోడి కారణం తెలియకుండా పోతే ఊహించకండి, మీ రాష్ట్ర ల్యాబుకి ఫోను చెయ్యండి. ఫీజు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, అది ముందే అడగండి. ఒకటి రెండు రోజుల్లోనే చాలా కోళ్లు పోతే, లేక ముఖమూ తురాయీ ఉబ్బి నీలంగా మారితే, ఎక్కడికీ మోసుకెళ్ళకండి, చేత్తో ముట్టకండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. వెంటనే మీ రాష్ట్ర పశువైద్యాధికారికి గానీ, వ్యవసాయ శాఖ వారి ఉచిత నంబరు 1-866-536-7593కి గానీ చెప్పండి.

మా అమ్మ అక్టోబరులో ఇండియా వెళ్ళిపోయింది. ఇప్పటికీ ఫోనులో మా అమ్మాయి తర్వాత ఆవిడ అడిగేది కోళ్ల గురించే. "అన్నం పెట్టడం లేదు కదా?" అని.