బయలుదేరిన డబ్బు, చేరిన డబ్బు
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వర్ధమాన దేశాలలో దారిద్ర్యం, లంచగొండితనం గురించి మాట్లాడమన్నారు. డబ్బు చాలక పేదరికం పోవడం లేదని కొందరు, ఉన్నది తినేస్తున్నారు గనుక పోవడం లేదని కొందరు వాదిస్తారు. ఆ తగవు మనకొద్దు. ఖజానాలో బయలుదేరిన డబ్బు దారిలో ఏమైందో ఒక దేశం సంగతి చెప్తాను.

ఆఫ్రికాలోని ఉగాండాలో ప్రాథమిక పాఠశాలలకు జీతాలు కాక, ఇతర ఖర్చులకు పిల్లల సంఖ్యను బట్టి ప్రభుత్వం గ్రాంటు ఇచ్చేది. అది జిల్లా కార్యాలయాల గుండా పోవాలి. 1996లో ఆ లెక్కలు తీశారు. పైనుంచి ఎంత పంపారు, బడి పుస్తకాల్లో ఎంత జమ అయింది, రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. 1991 నుంచి 1995 వరకు సగటున నూటికి 13 వంతులే బడికి చేరాయి. చాలా బడులకు అసలేమీ రాలేదు. కాస్త కలిగినవాళ్ళున్న చోట బడికి కొంత ఎక్కువే చేరింది. అంటే అడగగలిగినవాడికి అందింది, లేనివాడికి అదీ పోయింది. ఖర్చులు మాత్రం తల్లిదండ్రుల మీద పడ్డాయి.

తరువాత అక్కడి ప్రభుత్వం ఏ జిల్లాకు ఎంత పంపిందో పత్రికల్లో వేయించింది, వచ్చిన సొమ్ము వివరం బడిలో అంటించాలంది. 2001 నాటికి నూటికి 80కి పైగా చేరాయి. ఇదంతా ఒక్క పత్రిక మహిమే అనను. 1997లో ఉచిత ప్రాథమిక విద్య వచ్చింది, జనం కళ్ళు బడి మీద పడ్డాయి. అయినా పత్రిక దొరికే చోటికి దగ్గరగా ఉన్న బడులు ఎక్కువ బాగుపడ్డాయన్నది పరిశోధకులు చూసిన సంగతి.

మరి పత్రిక చదవలేని వాళ్ళ గతేమిటి? దీనికి జవాబు మన ఉమ్మడి రాష్ట్రంలోనే దొరికింది. 2005 ఉపాధి హామీ చట్టం కింద పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. తర్వాత సామాజిక తనిఖీలు వచ్చాయి. ఊరి యువకులకు తర్ఫీదు ఇచ్చి, మస్టర్లు చేతికిచ్చి, ఇల్లిల్లూ తిప్పారు. ఆపైన మండల కేంద్రంలో అందరి ముందు పైకి చదివారు. "నీ పేరు మీద ఇన్ని రోజుల కూలి రాశారు, నీకు ముట్టిందా అమ్మా?" అని అడిగితే సంతకం రాని ఆవిడ కూడా జవాబు చెప్పగలదు కదా!

కానీ తేలిన సొమ్ములో తిరిగి వసూలైంది కొంచెమే, ఉద్యోగం పోయినవాళ్ళు మరీ తక్కువ. దొంగ దొరికాడని చప్పట్లు కొట్టి ఇంటికి పోతే, రేపు వాడే వచ్చి మళ్ళీ మస్టరు రాస్తాడు. నన్నడిగితే, శిక్ష లేని తనిఖీ సగం పనే.

మనవాళ్ళలో పింఛనుకో, పిల్లల స్కాలర్‌షిప్పుకో తిరిగే వాళ్ళు తక్కువేం కాదు. "ఇంకా రాలేదమ్మా" అంటే నమ్మి తిరిగొస్తారు. మంజూరైందా, ఎంత, ఏ తేదీన అని 2005 సమాచార హక్కు చట్టం కింద రాసి అడగవచ్చు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్న వారికి ఫీజు లేదు. ఆ దరఖాస్తు రాసిపెట్టే పని మన చదువుకున్న పిల్లలు తీసుకోవాలని నా కోరిక.