నమ్మకద్రోహం: మాట వెనక నమ్మకం

సంతలో తూకంలో దగా చేసినవాణ్ణి మోసగాడు అంటాం. ఇంటి తాళాలు అప్పగించి ఊరెళితే బీరువా ఊడ్చిన పాలేరునో, చుట్టాన్నో మాత్రం నమ్మకద్రోహి అంటాం. ముక్కూమొహం తెలియనివాడు మోసం చేయగలడు గానీ నమ్మకద్రోహం చేయలేడు. దానికి ముందుగా ఒకరు నమ్మి ఉండాలి. అందుకే ఈ మాట తగిలితే అంత మంట.

నమ్మకం తెలుగు, ద్రోహం సంస్కృతం. ఎవరికి అన్యాయం జరిగిందో దాన్ని బట్టి మిత్రద్రోహం, స్వామిద్రోహం, దేశద్రోహం అని ద్రోహానికి ముందుండే మాట మారుతుంది. పల్లెల్లో ఇంత సంస్కృతం అక్కర్లేదు. ‘తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడు’ అంటే చాలు. వాసాలంటే పెంకుటింటి కప్పును మోసే ఏటవాలు కర్రలు. కడుపునిండా తిని, అదే చూరు కింద పడుకుని, పైకి చూస్తూ ఇంటి గుట్టు లెక్కేస్తున్న మనిషి కళ్లకు కడతాడు! ఇంతకన్నా పదునైన నిందను నేను వినలేదు.

మోసానికీ నమ్మకద్రోహానికీ ఉన్న ఈ తేడాను చట్టమూ పాటిస్తుంది. నగ చేయమని ఇచ్చిన బంగారాన్ని కంసాలి తర్వాత దుర్బుద్ధి పుట్టి సొంతానికి వాడుకుంటే అది నేరపూరిత విశ్వాసఘాతుకం. మొదటినుంచే కాజేసే ఉద్దేశంతో మాయమాటలు చెప్పి పుచ్చుకుంటే మోసం. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో విశ్వాసఘాతుకానిది 316వ సెక్షను. మామూలు కేసులో అయిదేళ్ల దాకా జైలు, జరిమానా, లేదా రెండూ. నమ్మి పనిలో పెట్టుకున్న గుమాస్తాగానీ నౌకరుగానీ చేస్తే ఏడేళ్ల దాకా.