విదేశయాత్రయు ప్రవేశపత్రములును



నేటి నా ప్రసంగమునకు విషయము, విదేశములకు పోవువారు పొందవలసిన ప్రవేశపత్రములు. వీనినే లోకమున వీసాలనుచున్నారు. సంస్కృతాంధ్రములు చదివి, ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు వ్యాకరణము చెప్పిన నావంటివానికి దీనితో నేమి పని యని మీలో కొందఱికి తోచవచ్చును. పని కలదు. నేను ఉద్యోగము చాలించిన నాటినుండి మా యరుగుమీదికి ఉత్తరములు చదివించుకొనుటకు వచ్చువారు తగ్గిరి గాని, విదేశపు కాగితములు చదివించుకొనుటకు వచ్చువారు హెచ్చిరి. కొడుకును సముద్రము దాటింపదలచిన తండ్రి మొదట ఊరి పెద్దలయొద్దకే వచ్చును. పొలమమ్మవచ్చునా, అప్పు చేయవచ్చునా యని యడుగును. ఆనాడు మనము చెప్పు మాటపై ఒక కుటుంబముయొక్క పదియేండ్ల బ్రతుకు ఆధారపడియుండును. కావున ఆ కాగితములలో నేమున్నదో మనము తెలిసికొనవలసియున్నది.

తెలుగువారికి సముద్రయానము క్రొత్త కాదు. 1860వ సంవత్సరమున చెన్నపట్టణమునుండి వెడలిన ట్రూరో యను ఓడ, దక్షిణాఫ్రికాలోని దర్బను రేవునకు మన కూలీలను చేర్చెను. ఆ పిమ్మట అర్ధశతాబ్దముపాటు అట్లు పోయినవారిలో తెలుగువారనేకులు. అయిదేండ్ల ఒడంబడికకు కట్టుబడి పోయిన ఆ కూలీలలో, అందలి షరతులను స్వయముగా చదువగలిగినవారు అరుదు. కళింగ గోదావరీ తీరములవారు రంగము పోయి మిల్లులలోను రేవులోను పాటుపడిరి. నాడు బర్మా ఇండియాలో భాగము. టిక్కెట్టు కొన్నవాడు ఓడ యెక్కెను. 1937 ఏప్రిలు 1వ తేదీన బర్మా వేఱుపడినపిమ్మట ఆ స్వేచ్ఛయు క్రమముగా సన్నగిల్లెను. నేడు నేపాళము వంటి కొన్ని దేశములను విడిచినచో, టిక్కెట్టు కొనగలిగినంతమాత్రమున పరదేశమున అడుగుపెట్టుటకు వీలులేదు.

ముందుగా పాస్‌పోర్టు వేఱు, వీసా వేఱు అని గ్రహింపుడు. పాస్‌పోర్టు నిచ్చునది మన ప్రభుత్వము. ఇతడు మా పౌరుడు, ఇది ఇతని పేరు, ఇది ఇతని రూపము అని అది సాక్ష్యము పలుకును. వీసా నిచ్చునది మనము పోవు దేశపు ప్రభుత్వము. ఇతడు ఇట్టి పనిమీద మా గుమ్మమునొద్దకు రావచ్చునని అది చెప్పును. గుమ్మమునొద్దకు అని యేల యంటి ననగా, అమెరికావంటి దేశములలో వీసా చేతనున్నను, విమానాశ్రయమందలి అధికారి ప్రశ్నించి తృప్తిచెందినపిమ్మటనే లోనికి విడుచును.

ఇందు ప్రాణమువంటి మాట "ఇట్టి పనిమీద" అనునది. భూమి కాగితములు మీకు తెలియనివి కావు. దారిహక్కు వేఱు, కౌలు వేఱు, స్వాధీనపు తనఖా వేఱు, శుద్ధక్రయము వేఱు. నాలుగింటిలోను మనుష్యుడు పొలమున కాలుపెట్టును. కాని దారిహక్కు గలవాడు దున్నరాదు, కౌలుదారు అమ్మరాదు. వీసాలును ఇట్టివే. చూచివచ్చుటకు ఒకటి, చదువుకొనుటకు ఒకటి, పనిచేయుటకు ఒకటి, స్థిరపడుటకు ఒకటి. ఒకదానినుండి మఱియొకదానికి మాఱుటకు కొన్నియెడల చట్టములో త్రోవలు లేకపోలేదు. అవి దరఖాస్తు పెట్టి, అనుమతి వచ్చినపిమ్మట నడువవలసిన త్రోవలు. అనుమతి రాకముందే నడచుటవలననే కష్టములు వచ్చుచున్నవి.

నాలుగు విధములును స్పష్టముగా గానవచ్చు దేశము అమెరికా. దానినే ఉదాహరణముగా గొందము.

మొదటిది సందర్శనము. బిడ్డలను, మనుమలను చూడబోవు వృద్ధులకు లభించునది ఇదియే; దీనిని బి-1, బి-2 వీసా యందురు. సాధారణముగా మనవారికి దీనిని పదియేండ్ల గడువుతో నిచ్చుచున్నారు. పదియేండ్లని వినగానే, పదియేండ్లు అచ్చట నుండవచ్చునని కొందఱు భ్రమపడుదురు. అది తలుపు తట్టుటకు గల గడువు గాని యింటిలో నుండుటకు గల గడువు కాదు. ప్రతి పర్యాయమును ఎన్నాళ్లుండవచ్చునో ఆ విమానాశ్రయపు అధికారి నిర్ణయించును. అది సాధారణముగా ఆఱు నెలలకు మించదు. ఐ-94 అను పత్రములో ఆ తేదీ యుండును. చూడవలసినది ఆ తేదీనే. గడువు మీఱి 180 దినములకు పైబడి యుండి వెడలినవారికి మూడేండ్లును, ఒక సంవత్సరమో అంతకు మించియో యుండి వెడలినవారికి పదియేండ్లును మరల ప్రవేశము నిషిద్ధము. ఈ వీసాతో పోయినవారు అచ్చట కూలికి పనిచేయరాదు. వైద్యవ్యయము అచ్చట మిక్కిలి యధికము గనుక పెద్దలు ప్రయాణమునకు ముందే భీమా చేసికొనుట మేలు.

రెండవది విద్య. దీనికి ఎఫ్-1 అని పేరు. ప్రభుత్వముచే అంగీకరింపబడిన విద్యాలయము ఐ-20 అను పత్రము నిచ్చిననే గాని దరఖాస్తు పెట్టుటకు వీలులేదు. పిమ్మట రాయబార కార్యాలయమున ప్రశ్నలకు సమాధానము చెప్పవలెను. 2008లో హైదరాబాదునందు అమెరికా కార్యాలయము తెఱవబడుటచే మనవారికి ప్రయాస తగ్గినది. విద్యార్థి బడి నడుచు దినములలో విద్యాలయపు ఆవరణములోనే, వారమునకు 20 గంటలకు మించకుండ పనిచేయవచ్చును. అనుమతి లేక బయట పెట్రోలు బంకులలోను, భోజనశాలలలోను పనిచేసినచో వీసాకే మోసము వచ్చును. చదువు ముగిసినపిమ్మట ఆ విద్యకు సంబంధించిన పనిలో 12 నెలలు, విజ్ఞాన సాంకేతిక గణితశాస్త్రములు చదివినవారు అదనముగా 24 నెలలు అనుభవము సంపాదింప అనుమతి కోరవచ్చును.

ఇచ్చట ఒక సంగతి మఱవరాదు. 2011 జనవరిలో కాలిఫోర్నియా రాష్ట్రమందలి ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయము మూతపడినది. అది పేరునకు విద్యాలయము. జరిగినది వీసాల వ్యాపారము. అందు పేరు వ్రాయించుకొన్నవారిలో అనేకులు నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమునుండి పోయిన బిడ్డలు. కొందఱి కాళ్లకు, వారి జాడ తెలియుటకై, యంత్రపు కడియములు తగిలించిరి. ఆ సంస్థను నడపిన స్త్రీకి 2014లో పదునాఱేండ్లకు పైబడిన కారాగారశిక్ష పడినది. కాని విద్యార్థుల ధనమును కాలమును తిరిగి యెవరిత్తురు? కావున ఏ కళాశాల యని యడుగుట చాలదు. దానికి గుర్తింపు కలదా, తరగతులు నిజముగా జరుగునా యనియు అడుగవలెను. బ్యాంకులో లేని ధనమును ఉన్నట్లు చూపు కాగితములు పుట్టింతుమనువారిని గడప త్రొక్కనీయకుడు. అబద్ధపు పత్రము బయటపడినచో ఆ బిడ్డకు జీవితాంతము ఆ దేశపు తలుపు మూయబడవచ్చును.

మూడవది ఉద్యోగము. మనవారి నోట తఱచుగా వినబడు హెచ్-1బి యనునది 1990 నాటి చట్టముచే ఏర్పడినది. దీనికి దరఖాస్తు పెట్టువాడు యజమాని. ఏటేట ఇచ్చునవి 65,000. అమెరికాలోనే పై పట్టము పొందినవారికి మఱి 20,000. కోరువారు ఈ సంఖ్యను మించుచుండుటచే అర్హుడైన ప్రతివానికిని లభించునను నిశ్చయము లేదు. సాధారణముగా దీని పరిమితి ఆఱేండ్లు. 2025 సెప్టెంబరులో, విదేశములనుండి ఈ విధముగా క్రొత్తగా పిలిపింపదలచిన యజమానులు లక్ష డాలర్లు చెల్లింపవలెనని ఆ దేశాధ్యక్షుడు ఉత్తరువు చేసెను. దీనివలన మనము నేర్వవలసినది, ఈ నియమములు ఒక్క దినములో మాఱగలవని. నిరుడు పొరుగింటివాడు పోయిన త్రోవ నేడుండునని యెంచి అప్పు చేయరాదు.

నాలుగవది స్థిరనివాసము. దీనినే గ్రీన్‌కార్డు అందురు. ఉద్యోగముమూలమున లభించునవి ఏటికి సుమారు 1,40,000. అందు ఏ యొక్క దేశమున పుట్టినవారికిని నూటికి ఏడు పాళ్లకు మించి యీయరాదని నియమము. మనవారు పెక్కుమంది యగుటచే ఏండ్ల తరబడి వేచియుండవలసివచ్చుచున్నది. అమెరికా పౌరత్వము పొంది 21 ఏండ్లు నిండిన బిడ్డ తల్లిదండ్రులను రప్పించుకొనవచ్చును. దానికి ఈ సంఖ్యానియమము లేదు. కాని అచ్చటి పౌరత్వము పొందినవాడు మన పౌరత్వమును కోల్పోవును. అట్టివారికై 2005లో మన ప్రభుత్వము ప్రవాస పౌరుల కార్డు నేర్పఱచినది. దానితో రాకపోకలు సుగమము, ఓటు లేదు. వ్యవసాయభూమిని వారు కొనరాదు. పెద్దలనుండి వారసత్వముగా వచ్చినదానిని ఉంచుకొనవచ్చును. ఆస్తులు పంచుకొను వేళ ఈ సంగతి జ్ఞప్తియందుంచుకొనుడు.

ఇక గల్ఫు దేశములు. నిజామాబాదు, కరీంనగరు, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములనుండియు, కడప గోదావరి ప్రాంతములనుండియు పేదవారు హెచ్చుగా పోవునది ఇచ్చటికే. అమెరికా పోవువానికి దోషము తటస్థించిన ధనము పోవును. ఇచ్చట దోషము తటస్థించిన మనుష్యుడే చిక్కువడును. ఈ దేశములలో కూలివానికి స్థిరనివాసమను ఆశ లేదు. వాని నివాసము కఫీలు అనబడు యజమానికి ముడిపడియుండును. కతారు 2020లో పనివాడు యజమాని సమ్మతిపత్రము లేకయే వేఱు పనికి మాఱవచ్చునని సడలించినది గాని, అంతట అట్లు లేదు. మనవారు ఆజాదు వీసా యనునది ఒకటి కలదు. ఒక యజమాని పేర వీసా కొని, అతనియొద్ద పనిచేయక, ఇష్టము వచ్చినచోట పనిచేయుటయే అది. పేరు స్వేచ్ఛ, చట్టమున అది నేరము. అట్లు పట్టులేక తిరుగువారిని ఖల్లివెల్లివారందురు. జీతమీయకున్నను వారు ఫిర్యాదు చేయజాలరు. తల్లి మరణించినను వెంటనే రాజాలరు. యునైటెడు అరబు ఎమిరేట్సు ప్రభుత్వము 2024 సెప్టెంబరు 1 మొదలు డిసెంబరు 31 వఱకు ఇట్టివారికి క్షమాభిక్ష ప్రకటించినది. అట్టి గడువులు రాజుల దయ గాని మన హక్కు కాదు.

రెండేండ్ల క్రిందట పొరుగూరి రైతొకడు తన కుమారుని వీసా యని యొక కాగితము నాయొద్దకు తెచ్చెను. కంపెనీలో పని, మంచి జీతము అని ఏజెంటు చెప్పినాడట. ఎకరము పొలమునకు బయానా గూడ పుచ్చుకొన్నాడు. నేను చదివితిని. అందు కంపెనీ పేరు లేదు, జీతము లేదు. సందర్శనము, 60 దినములు అని మాత్రమున్నది. "అయ్యా, ఇది చుట్టపుచూపు కాగితము, పని కాగితము కాదు" అంటిని. "అక్కడికి పోయిన తరువాత మారుస్తారట పంతులుగారూ" అని యతడనెను. "మార్చెదమని వ్రాసి యిమ్మనుము" అంటిని. ఏజెంటు వ్రాసి యీయలేదు. అంతకుముందు పుచ్చుకొన్న నలువదివేల రూపాయలును తిరిగి యీయలేదు. రైతు బయానా మరలించెను; పొలము నిలిచెను. ఎనిమిది నెలలకు ఆ కుమారుడు నమోదైన ఏజెంటుమూలముగా, నిజమైన పనివీసాతో పోయెను. నేడు నెలనెలకు ఇంటికి సొమ్ము పంపుచున్నాడు.

నమోదైన ఏజెంటనగా నెవడు? 1983 నాటి వలసల చట్టము క్రింద కేంద్రప్రభుత్వమునుండి అనుమతి పొందినవాడు. వాని పేరు ఈ-మైగ్రేటు అను ప్రభుత్వపు పట్టికలో నుండును. మీ యూరి యువకుడెవడైనను చేతి ఫోనులో చూచి చెప్పగలడు. వాడు పుచ్చుకొనదగిన సేవారుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను, అంతకు మించరాదు. పదవతరగతి ఉత్తీర్ణుడు కానివాడు గల్ఫు మొదలగు దేశములకు పనికై పోవునప్పుడు వలసదారుల సంరక్షణాధికారి అనుమతి పొందవలెను. అట్టి కార్యాలయము హైదరాబాదున కలదు. ప్రవాసి భారతీయ బీమా యోజన క్రింద రెండేండ్లకు 275, మూడేండ్లకు 375 రూపాయలు చెల్లించినచో, ప్రమాదమున మరణించినను, శాశ్వతముగా అంగహీనుడైనను 10 లక్షల రూపాయల బీమా కలదు. చుట్టపుచూపు కాగితముతో పోయినవానికి ఈ రక్షణ లేవియు దక్కవు.

కావున పెద్దలారా, తండ్రి మీయొద్దకు వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలడుగుడు. ఈ వీసా ఏ పనికి? ఎన్నాళ్లకు? పిలిచిన యజమాని లేక విద్యాలయ మెవరు? ఇచ్చిన సొమ్మునకు రసీదు ఏది? నాలుగింటికిని సమాధానము కాగితముమీద నున్నచో పిల్లవానిని ఆశీర్వదించి పంపుడు. ఒక్కటి నోటిమాటగా నున్నను, కాగితము వచ్చువఱకు పొలమును కదల్పవలదని చెప్పుడు. పాస్‌పోర్టు, వీసా, ఒడంబడికల ప్రతులు ఇంటివద్ద ఒక జత యుంచుడు. దూరపు కొండలు నునుపు అను సామెత విదేశములకు పోవలదని చెప్పుట లేదు. దగ్గఱకు పోయి చూచినపిమ్మట నమ్ముమని చెప్పుచున్నది. మనము అంతదూరము పోజాలము. చేతిలోని కాగితమును మాత్రము చదువగలము. ఆ చదువు ఊరిలో ఒక్కనికైన నుండుట ఊరికి రక్ష.