చదివింది రాసిపెట్టుకుందాం
(ఆదివాసీ దినోత్సవ సభలో యువతీ యువకులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



దండారి ఆట చూసి, డప్పు విని, ఇప్పుడు ఉపన్యాసం వినమంటే మీకు కష్టమే. అందుకని ఎక్కువసేపు మాట్లాడను. ఒక చిన్న పని గురించి చెప్తాను. దానికి కావలసింది ఒక నోటుబుక్కు, ఒక పెన్ను. మన గురించి, మన దేవుళ్ల గురించి, మనలాంటి ఇతరుల గురించి ఏది చదివినా ఆ నోటుబుక్కులో రాసిపెట్టుకోవడం, అంతే. నేను బడిపంతులుగా చేరిన నాటి నుంచి ఈ పని చేస్తున్నాను. దీనివల్ల ఏం లాభమో, ఎట్లా చెయ్యాలో చెప్పి కూర్చుంటాను.

మొదట, ఎందుకు రాయాలి? మన గురించి ఉన్న పుస్తకాలు చాలావరకు మనం రాసినవి కావు. మన పెద్దలు కథను నోటితో చెప్పారు, కిక్రి వాయించి పాడారు, కాగితం మీద రాసింది బయటినుంచి వచ్చినవాళ్లు. వాళ్లలో మంచివాళ్లూ ఉన్నారు. హైమన్‌డార్ఫ్ దొరను మన ప్రాంతంలో ఇవాళ్టికీ తలుచుకుంటాం. ఆస్ట్రియా దేశం నుంచి వచ్చి, 1940లలో మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉండి, ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద ఆయన రాసిన పెద్ద పుస్తకం 1948లో వచ్చింది. జోడేఘాట్‌లో కొమరం భీం అమరుడైన కొద్ది ఏళ్లకే ఆ పని జరిగింది. మన పురాణ కథలు, పండుగలు, సగల వివరాలు ఆ పుస్తకంలో ఎన్నో ఉన్నాయి. ఆయన, ఆయన భార్య బెట్టీ సమాధులు మార్లవాయిలోనే ఉన్నాయి.

అంత గౌరవం ఉన్నా ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆయన కొన్ని ఊళ్లలో తిరిగాడు, కొందరిని అడిగాడు, వాళ్లు చెప్పింది తన భాషలో రాశాడు. మీ ఊరి కటోడ చెప్పేది దానికి వేరుగా ఉండొచ్చు. అప్పుడు మన పిల్లవాడు ఏం చేస్తున్నాడు? పుస్తకంలో ఉంది కాబట్టి అదే నిజం, తాత చెప్పింది తప్పు అనుకుంటున్నాడు. ఇంకొకడు పుస్తకం బయటివాడిది కాబట్టి అంతా అబద్ధం అని మూసేస్తున్నాడు. ఇద్దరికీ నష్టమే. పుస్తకం చెప్పింది ఒక పక్క, తాత చెప్పింది ఇంకో పక్క రాసుకుంటే రెండూ మనకు మిగులుతాయి. నోటుబుక్కు చేసే పని అదే.

ఇక ఎట్లా రాయాలి? నా పద్ధతి చెప్తాను. ఎడమ పేజీలో పుస్తకం సంగతి. పుస్తకం పేరు, రాసినవారు ఎవరు, ఎక్కడివారు, ఏ సంవత్సరంలో రాశారు, ఎవరిని అడిగి రాశారు. తరువాత ఆ పుస్తకం మనల్ని ఏ పేరుతో పిలిచింది, మన దేవుళ్లను ఏ మాటతో చెప్పింది. కుడి పేజీ ఖాళీగా వదిలెయ్యాలి. దానిలో మన ఇంట్లో, మన ఊళ్లో ఆ సంగతిని ఎట్లా చెప్తారో రాయాలి. తెలియకపోతే ‘ఎవరిని అడగాలి’ అని రాసి, ఆ పెద్దమనిషి పేరు పెట్టుకోవాలి. నా నోటుబుక్కుల్లో కుడి పేజీలు ఇంకా చాలా ఖాళీగానే ఉన్నాయి. ఆ ఖాళీ కనబడుతున్నంత కాలం అడగాలన్న ధ్యాస ఉంటుంది.

పేరు నుంచి మొదలుపెడదాం. కొలాం సోదరులు ఇక్కడ ఉన్నారు. వాళ్లు తమను తాము కొలావర్ అని చెప్పుకుంటారు. తెలుగువాళ్లు మన్నేవార్లు అన్నారు. గోండులు పూజారి అని పిలిచారు. ఎందుకంటే స్థానిక దేవతల కొలుపుల్లో కొలాంలనే పూజారులుగా పిలవడం మన దగ్గర పాత ఆనవాయితీ. ఒకే జనానికి మూడు పేర్లు. తాము చెప్పుకున్నది ఒకటి, పక్కవాళ్లు చూసింది ఒకటి, గౌరవంతో పిలిచింది ఒకటి. గోండులమైన మనం కూడా మన భాషలో కోయితోర్ అని చెప్పుకుంటాం, గోండు అన్నది ఇతరులు పిలిచిన పేరు. ఒక్క పేరు కింద ఇంత చరిత్ర ఉంటుంది. ఏ పుస్తకం ఏ పేరు వాడిందో రాసుకుంటూ పోతే, ఆ రాసినవాడు ఎటువైపు నిలబడి మనల్ని చూశాడో మెల్లగా అర్థమవుతుంది.

సంవత్సరం రాసుకోవడం ఎందుకో కూడా చెప్తాను. గోండికి లిపి లేదు అన్న వాక్యం మీకు ఎన్నో పుస్తకాల్లో కనబడుతుంది. పోటీ పరీక్షల గైడుల్లోనూ ఉంటుంది. 1918లోనే మధ్యప్రదేశ్ బాలాఘాట్ వైపు మున్షీ మంగల్ సింగ్ మసారాం గోండికి ఒక లిపి తయారుచేశారు. మన నార్నూర్ మండలం గుంజాలలో పాత చేతిరాత ప్రతులు వెలుగులోకి వచ్చి, గుంజాల గోండి లిపి సంగతి 2006 తరువాత లోకానికి తెలిసింది. ఆచార్య జయధీర్ తిరుమలరావు గారు, మన ఊరి పెద్దలు దానికోసం కష్టపడ్డారు. మసారాం లిపి 2017లో, గుంజాల లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కాయి. అంటే ఇవాళ ఫోన్లలో, కంప్యూటర్లలో ఆ అక్షరాలకు చోటుంది. 1990లో రాసినాయన లిపి లేదంటే ఆయనకు తెలియలేదనుకోవచ్చు. నిరుడు అచ్చయిన గైడులోనూ అదే ఉంటే పాతది చూసి ఎక్కించారన్నమాట. ఎడమ పేజీలో సంవత్సరం ఉంటేనే ఆ తేడా తెలుస్తుంది.

ఇప్పుడు ఆధ్యాత్మికం దగ్గరికి వద్దాం. మన నమ్మకాల గురించి రాసేవాళ్లు ‘ప్రకృతి ఆరాధకులు’ అని ఒక్క మాటతో ముగిస్తారు. ఆ మాట తప్పేం కాదు, కానీ చాలదు. అడవిని, కొండను, విత్తనాన్ని మనం కొలుస్తాం, నిజమే. దానితోపాటు పెర్సపేన్ ఉంది, ఊరి అకిపేన్ ఉంది, చనిపోయిన పెద్దలున్నారు. నాలుగు, అయిదు, ఆరు, ఏడు దేవుళ్ల సగలున్నాయి. ఎవరు ఎవరికి అన్నదమ్ములు, ఎవరి ఇంటి పిల్లను చేసుకోవచ్చు, ఎవరిని చేసుకోకూడదు అన్నది ఆ సగలతోనే తేలుతుంది. అంటే మన దగ్గర దేవుడి లెక్క, చుట్టరికపు లెక్క ఒకటే. కేస్లాపూర్ నాగోబా దగ్గర చూడండి. మెస్రం వంశస్థులు కాలినడకన గోదావరి హస్తినమడుగుకు పోయి నీళ్లు తెస్తారు, పుష్య అమావాస్య రాత్రి మహాపూజ చేస్తారు, ఆ తరువాత కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే భేటింగ్ ఉంటుంది. ఆ కోడలు అప్పటినుంచి ఆ వంశపు మనిషి. దీన్ని పట్టుకుని ‘ప్రకృతి పూజ’ అని రాస్తే సగం సంగతి జారిపోతుంది. అట్లాంటి మాట కనబడినప్పుడు కుడి పేజీలో ‘ఇంకా ఏముంది?’ అని రాసి ఇంట్లో అడగండి.

చదవడం అంటే అచ్చు పుస్తకమే అనుకోవద్దు. కోయ సోదరుల దగ్గర పడిగె ఉంటుంది. గుడ్డ మీద బొమ్మలతో వంశం కథంతా ఉంటుంది. డోలీలు దాన్ని చూస్తూ, డోలు కొడుతూ కథ చెప్తారు. అదీ ఒక గ్రంథమే, చదవగలిగేవాళ్లు వాళ్లు. మణుగూరు వైపు సకిని రామచంద్రయ్య గారు అట్లా సమ్మక్క సారలమ్మల కథ పాడేవారు. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. మన మార్లవాయి గుస్సాడి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఒక్క ఏడాదిలోనే ఇద్దరినీ పోగొట్టుకున్నాం. పెద్ద పేరున్నవాళ్లు పోతే పత్రికలో వస్తుంది. మీ గూడెంలో పేరు లేని పెద్దమ్మ పోతే ఆమెకు తెలిసిన కథ ఎక్కడా రాదు. ఆమె దగ్గర ఒక సాయంత్రం కూర్చుని విన్నది కూడా మీ నోటుబుక్కులో ఒక చదువుగానే రాయండి. తేదీ వెయ్యండి, ఎవరు చెప్పారో రాయండి.

మూడో సంగతి, వైవిధ్యం. ఆదివాసులం అని ఒక్క మాటలో చెప్పుకుంటాం, హక్కుల కోసం అట్లా చెప్పుకోవాలి కూడా. కానీ మన లోపల ఎన్ని రకాలో తెలుసుకుంటేనే ఆ మాటకు బలం. ప్రధాన్ సోదరులు మన గోండి పురాణాలు పాడతారు, ఇంట్లో మాట్లాడేది మరాఠీ. కొలామి భాష వేరు, దేవుళ్ల పేర్లు వేరు. నల్లమల చెంచుల జీవితం వేరు. ఇంకొంచెం దూరం పోతే సవరల మీద వెరియర్ ఎల్విన్ 1955లో ఒక పెద్ద పుస్తకమే రాశారు. ఆ సవర భాషకు 1936లో మంగేయి గొమాంగో అనే ఆయన సొరాంగ్ సొంపెంగ్ లిపి తయారుచేశారు. జార్ఖండ్‌లో సర్నా అంటారు, అరుణాచల్‌లో దోని పోలో అంటారు. మిజోరంలో ఆదివాసులు ఎక్కువమంది క్రైస్తవులు. వాళ్లందరూ ఆదివాసులే. వాళ్ల గురించి కూడా చదివి రాయండి. బైబిలు, ఖురాను, గీత, బుద్ధుడి మాటలు, ఏది చేతికొచ్చినా చదవండి, అవే ప్రశ్నలు వెయ్యండి. ఇతరుల నమ్మకాన్ని శ్రద్ధగా చదివినవాడు తన నమ్మకాన్ని వివరించే మాటలు నేర్చుకుంటాడు.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? 2027లో జనగణన జరగనుంది. లెక్కలు రాసే ఆయన మీ ఇంటికి వచ్చి మతం ఏమిటని అడుగుతాడు. 2011లో ఆరు మతాలకు అంకెలు ఇచ్చారు. మిగతావాళ్లు తమ మతం పేరు చెబితే పూర్తిగా రాయాలి. అట్లా ‘ఇతర మతాలు, విశ్వాసాలు’ కింద దేశంలో 79 లక్షల మందికి పైగా లెక్కకొచ్చారు. వాళ్లలో సర్నా అని చెప్పినవాళ్లు 49 లక్షలు దాటారు, గోండి అని చెప్పినవాళ్లు సుమారు 10 లక్షలు. బ్రిటిష్ వాళ్ల కాలంలో ఒకసారి మనల్ని అనిమిస్టులన్నారు, 1931లో గిరిజన మతాలన్నారు. ప్రతిసారీ డబ్బా పేరు వాళ్లే పెట్టారు.

మీరు ఏం చెప్పాలో నేను చెప్పను. అది మీ ఇంటి నిర్ణయం. ఎస్టీ హోదా మతాన్ని బట్టి వచ్చేది కాదు, మారేదీ కాదు, కాబట్టి భయపడి చెప్పవలసిన పని లేదు. ఒక్కటే కోరుతున్నాను. ఆ రోజు తడబడకండి. ఎదుటివాడు ‘ఏదో ఒకటి రాసేస్తాను’ అంటే ‘ఆగండి, మేం చెప్తాం’ అనగలగాలి. ఇంట్లో అందరూ కూర్చుని ముందే మాట్లాడుకుని ఉంటేనే అది సాధ్యం. ఆ మాటలకు నోటుబుక్కు పనికొస్తుంది.

చివరిగా రెండు జాగ్రత్తలు. ఒకటి, అన్నీ రాయడానికి కావు. పెర్సపేన్ దగ్గర కొందరే చూడవలసినవి ఉంటాయి, కొందరే వినవలసిన మాటలుంటాయి. పెద్దలు వద్దంటే అక్కడ ‘చెప్పారు, రాయలేదు’ అని ఒక్క ముక్క రాసి వదిలెయ్యండి. రెండు, ఇది మీ సొంత పుస్తకం. ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టడానికి తొందరపడొద్దు. చెప్పిన పెద్దమనిషిని అడగకుండా ఆయన మాటను ఊరంతా తిప్పొద్దు. ఏ భాషలో రాయాలంటారా, మీకు వచ్చిన భాషలో. దేవుళ్ల పేర్లు, చుట్టరికాల పేర్లు, పూజ వస్తువుల పేర్లు మాత్రం మన భాషలోనే ఉంచండి. పేన్‌ను దేవుడు అని మార్చి రాయకండి. ఆ రెండు మాటలు ఒకటేనా కాదా అన్నది మీరే పదేళ్లు చదివి, అడిగి తేల్చుకోండి.

బయట భోజనాల దగ్గర సంఘం వాళ్లు పిల్లలకు నోటుబుక్కులు పంచుతున్నారు. మొదటి పేజీలో మీ పేరు, మీ పాడి, మీ సగ, మీ ఊరు రాయండి. సగ ఏదో తెలియని పిల్లలు ఇవాళ ఇంటికి పోయి అమ్మనో, నాన్ననో, తాతనో అడగండి. మీ నోటుబుక్కులో మొదటి రాత అదే అవుతుంది.