నొక్కనివాళ్ళ మాటేమిటి?

(కొత్తపట్నంలో విద్యార్థులు, ఉద్యోగులు కలిసి ఏర్పాటు చేసుకున్న సమావేశంలో ఒక రిటైర్డ్ లెక్చరర్ చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచిన పిల్లలు ఒక కాగితం చేతిలో పెట్టారు. రాష్ట్రం విడిపోవడం మన కోస్తాకు మంచిదయిందా, చెడ్డదయిందా అని వీళ్ళు ఫోన్లలో ఒక ఓటింగ్ పెట్టారట. మంచిదేనని భారీ మెజారిటీ వచ్చిందట. రేపు ఒంగోలులో ప్రెస్ మీట్ పెట్టి ఈ అంకె విడుదల చేద్దాం, మాస్టారూ మీరు దీన్ని సమర్థిస్తూ మాట్లాడండి అన్నారు. అంకె నేనిక్కడ చదవను. ఆ అంకె నాకు చాలా ఇష్టమైనది. జై ఆంధ్ర అని అరిచి గొంతు పోగొట్టుకున్నవాణ్ణి, నాకు కాక ఎవరికి ఇష్టం? ఇంత ఇష్టంగా ఉంది కాబట్టే అనుమానం వచ్చింది. ఆ అనుమానం గురించే ఈ నాలుగు మాటలు.

ముందు అమెరికా సంగతి చెబుతాను. 2024 సెప్టెంబర్ 11, పొద్దున్న ఆరున్నర. అక్కడ పదో తేదీ రాత్రి తొమ్మిది. ఫిలడెల్ఫియాలో కమలా హారిస్, డొనాల్డ్ ట్రంప్ ఎదురెదురుగా నిలబడి వాదించుకున్నారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎన్ని ఇళ్ళ నుంచి పిల్లలు అక్కడికి వెళ్ళారో మీకు నేను చెప్పక్కర్లేదు. మా ఇంట్లో కాఫీలు చల్లారిపోయాయి. డిబేట్ అయిందో లేదో, టెక్సస్‌లో ఉన్న మా చెల్లెలి కొడుకు లింకు పంపాడు. ‘మావయ్యా, ఎవరు గెలిచారో నొక్కు, ఇంట్లో అందరిచేతా నొక్కించు’ అన్నాడు. నొక్కాను. మీ అత్తయ్యచేత కూడా నొక్కించాను. తర్వాత ఆలోచిస్తే నవ్వొచ్చింది. వాడు వీసా మీద ఉన్నవాడు, వాడికి అక్కడ ఓటు లేదు. నేను ఆ దేశం మొహం చూడలేదు. ఓటు లేని ఇద్దరం కలిసి అమెరికా ప్రజాభిప్రాయాన్ని తేల్చిపారేశాం!

సాయంత్రానికి నా ఫోన్‌లో రెండు వాట్సాప్ గ్రూపుల్లో రెండు ఫలితాలు. ఒకదాంట్లో హారిస్ గెలిచింది. ఇంకోదాంట్లో ట్రంప్ గెలిచాడు. రెండో గ్రూపులో మనవాళ్ళ అభిమానానికి ఒక కారణం ఉంది లెండి. ట్రంప్ పక్కన ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డ జె.డి. వాన్స్ భార్య ఉష చిలుకూరివారి అమ్మాయి, పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు మూలాలున్న కుటుంబం. ఆడపడుచు కోసం నొక్కారు. ట్రంప్ కూడా ఇలాంటి ఆన్‌లైన్ పోల్స్‌నే చూపించి, గెలిచింది నేనేనని చాటుకున్నాడు.

అదే రాత్రి సీఎన్ఎన్ వాళ్ళు మరో పద్ధతిలో అడిగారు. డిబేట్ చూసిన ఓటర్లలో ఆరువందల పైచిలుకు మందిని తామే ఎంచుకుని అడిగారు. నూటికి 63 మంది హారిస్ బాగా మాట్లాడిందన్నారు, 37 మంది ట్రంప్ అన్నారు. అంతకుముందు జూన్ 27న అట్లాంటాలో బైడెన్, ట్రంప్ వాదించుకున్నప్పుడు ఇదే సంస్థ ఇలాగే అడిగితే 67 మంది ట్రంప్ అనీ, 33 మంది బైడెన్ అనీ చెప్పారు. నెల తిరక్కుండానే, జూలై 21న బైడెన్ పోటీ నుంచి తప్పుకున్నాడు. అంటే జాగ్రత్తగా అడిగిన ప్రశ్నకు బలముంటుంది. దానికీ హద్దుంది. డిబేట్‌లో నెగ్గిన హారిస్ నవంబర్ ఎన్నికలో ఓడింది. ఎలక్టోరల్ ఓట్లు ట్రంప్‌కు 312, ఆమెకు 226. ఎవరు బాగా మాట్లాడారన్నది ఒక ప్రశ్న. ఎవరికి ఓటేస్తావన్నది వేరే ప్రశ్న. మన టీవీ స్టూడియోల్లో ఈ రెండింటినీ ఒకే గిన్నెలో కలిపి గిలక్కొడతారు.

ఇక్కడ ఒక కుర్రాడు లేచి అడగొచ్చు. 2016 సెప్టెంబర్ 26న హిల్లరీ క్లింటన్, ట్రంప్ మొదటి డిబేట్ జరిగింది కదా, అప్పుడు పత్రికల వెబ్‌సైట్లలో జనం నొక్కిన పోల్స్‌లో ట్రంప్ నెగ్గాడు, సీఎన్ఎన్ సర్వేలో 62, 27 తేడాతో హిల్లరీ నెగ్గింది, చివరికి గెలిచింది ట్రంపే కదా, నొక్కినవాళ్ళదే నిజమైంది కదా అని. అడగదగిన ప్రశ్నే. దీన్ని మనవాళ్ళు కాకతాళీయం అంటారు. కాకి వాలింది, తాటిపండు రాలింది. ఆ ఎన్నికలో జనం ఓట్లు హిల్లరీకే దాదాపు 29 లక్షలు ఎక్కువ వచ్చాయి. రాష్ట్రాల లెక్కలో ఓడింది. వెబ్‌సైట్లలో నొక్కినవాళ్ళకు ఈ లెక్కేమీ తెలియదు, తమ మనిషి గెలవాలని నొక్కారు, అంతే.

మన దేశంలో రాష్ట్రపతి ఎన్నికకు డిబేట్ లేదు, మనకు ఓటూ లేదు. 1969లో ఇద్దరు తెలుగువాళ్ళు, నీలం సంజీవరెడ్డి, వి.వి. గిరి రాష్ట్రపతి పదవికి తలపడ్డారు. ఇందిరాగాంధీ అంతరాత్మ ప్రబోధం అన్నది, గిరిగారు గెలిచారు. ఆ రోజుల్లో ఫోన్ ఓటింగ్ ఉండుంటే అనంతపురం ఒకవైపు, బరంపురం ఒకవైపు రాత్రంతా నొక్కుతూ కూర్చునేవి. సరే, అది వదిలేద్దాం.

ఎక్కువమంది నొక్కితే నిజం దానంతటదే బయటపడుతుందనే భ్రమ కొత్తది కాదు. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక కోటిమందికి కార్డులు పంపింది. దాదాపు 24 లక్షల కార్డులు తిరిగొచ్చాయి. రిపబ్లికన్ అభ్యర్థి లాండన్‌కు నూటికి 57 వస్తాయని ప్రకటించింది. జరిగిందేమిటి? రూజ్‌వెల్ట్‌కు 61 దాకా వచ్చాయి, లాండన్‌కు రెండే రెండు రాష్ట్రాలు దక్కాయి. ఎందుకలా అయింది? టెలిఫోన్ డైరెక్టరీలు, కారు రిజిస్ట్రేషన్లు చూసి చిరునామాలు తీసుకున్నారు. మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నది ఎవరికి? పైగా కార్డు తిరిగి పంపినవాళ్ళు కడుపులో మంట ఉన్నవాళ్ళు. వాళ్ళతో పోలిస్తే పిసరంత మందిని అడిగిన గాలప్ అనే ఆయన సరిగ్గా చెప్పాడు. రెండేళ్ళకు ఆ పత్రిక మూతబడింది.

ఈ సంగతి మన మిరప రైతుకు ఎవరూ నేర్పక్కర్లేదు. గుంటూరు యార్డులో వందల టిక్కీల సరుకు దిగుతుంది. కొనేవాడు ప్రతి కాయా చూస్తాడా? మచ్చు తీస్తాడు. ఆ మచ్చు ఎక్కణ్ణుంచి తీశాడన్న దాని మీదే రేటంతా. మూతి దగ్గర రైతు పేర్చిన ఎర్రటి కాయ చూసి ఏ వ్యాపారీ ధర కట్టడు, చెయ్యి అడుగుదాకా పోతుంది, ఏ టిక్కీ విప్పాలో కూడా తనే ఎంచుకుంటాడు. ఆన్‌లైన్ పోల్‌లో జరిగేది దీనికి తలకిందులు. కాయలే టిక్కీలోంచి దూకి నన్ను చూడు, నన్ను చూడు అని బల్ల మీదికొస్తాయి. వచ్చిన కాయ ఎంత ఉన్నా అది మచ్చు కాదు.

ఈ ఊరికి కూడా ఇందులో పాత్ర ఉంది. లిటరరీ డైజెస్ట్ బోర్లాపడ్డ మరుసటి ఏడాది, 1937 ఎండాకాలంలో, ఈ కొత్తపట్నం సముద్రపు ఒడ్డునే రాజకీయ పాఠశాల పెట్టారు. ప్రభుత్వం నిషేధించింది. నిషేధాన్ని ధిక్కరించిన విద్యార్థుల మీద లాఠీలు విరిగాయి. అదే ఏడాది మొదట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఎన్నికలు జరిగాయి, కాంగ్రెస్ ఘనంగా గెలిచింది. కానీ ఆ ఎన్నికలో ఓటు ఎవరికుంది? ఆస్తి ఉన్నవాడికి, పన్ను కట్టేవాడికి, చదువున్నవాడికి. పల్లెపాలెంలో వల లాగేవాళ్ళలో ఎంతమందికి ఉండి ఉంటుంది? అదీ ఒకరకమైన పోలే, అర్హత ఫోను కాదు, పన్ను రసీదు. ఇసుక మీద దెబ్బలు తిన్న ఆ పిల్లలు, ఓటు లేనివాడి దగ్గరికి పోవడమెలాగో నేర్చుకోవడానికి కూడా వచ్చారని నేననుకుంటాను.

ఇప్పుడు నా తప్పు ఒప్పుకోవాలి. 2009 డిసెంబర్ 9న కేంద్రం ప్రకటన, 23న ఇంకో ప్రకటన వచ్చాయి. ఆ తర్వాత నెలల్లో టీవీల్లో ఎక్కడ చూసినా ఎస్సెమ్మెస్ పోల్. విభజన కావాలా, వద్దా? మీలో చిన్నవాళ్ళకు తెలియదు, అప్పుడు ఒక్కో మెసేజ్‌కు డబ్బులు కోసేవాళ్ళు. గుంటూరులో ఒక గదిలో మా మిత్రులం నలుగురం కూర్చుని, ఎవరి దగ్గరున్న సిమ్ములు వాళ్ళు మార్చి మార్చి, కావాలి కావాలి అని పంపాం. నేనొక్కణ్ణే నలభైసార్లు పంపాను. రీచార్జి కార్డులు గీకి గీకి గోరు నల్లబడింది. అవతల సమైక్యం వాళ్ళూ అదే పని చేస్తున్నారని మాకు తెలుసు. రాత్రి తెర మీద ‘ప్రజల తీర్పు’ అని పడింది. ఆ ప్రజల్లో నలభైమంది నేనే! అప్పుడు సిగ్గనిపించలేదు, మన అంకె పెరిగిందని స్వీట్లు పంచుకున్నాం.

అదే సీజన్‌లో మా బంధువుల మిరప కల్లానికి వెళ్ళాను. కర్నూలు వైపు నుంచి కూలికొచ్చిన ఆడవాళ్ళు వరసగా కూర్చుని తాలు ఏరుతున్నారు. ఉద్యమ మత్తులో ఉన్నాను కదా, ఒకామెను అడిగాను. ‘అమ్మా, రాష్ట్రం విడిపోతే మంచిదా కాదా?’ ఆమె చెయ్యి ఆపకుండానే అన్నది: ‘మా ఊరికి నీళ్ళొస్తాయా సారూ? వస్తే మేం ఇక్కడికి రాం. అది రాసుకో.’ నేను రాసుకోలేదు. కావాలి, వద్దు అన్న రెండు గళ్ళలో ఆ మాట ఎక్కడ రాయాలో తెలియలేదు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పాల్సిన ఉద్యమం మనదని తట్టడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

2013 జూలై 30న కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తీర్మానం తర్వాత కోస్తా అంతా సమైక్య సమ్మెలో ఉంది. ఉద్యోగ మిత్రులు నొచ్చుకోవద్దు, మీలో చాలామంది ఆ టెంట్లలో కూర్చున్నవాళ్ళే. విడిపోతేనే మనకు బాగు అనుకునేవాళ్ళు ఒంగోలులో లేరా? ఉన్నారు. టీ కొట్టు దగ్గర గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. ఆ రోజుల్లో టీవీ పోల్ చూస్తే కోస్తాలో మేం లేనే లేము. నొక్కనివాడు లేనివాడు కాదని నాకు అప్పుడు తెలిసింది, ఆ లెక్కలో లేనివాణ్ణి నేనయ్యాక.

తెలంగాణ మిత్రుల్ని చూడండి. 2006 డిసెంబర్‌లో కరీంనగర్ ఉప ఎన్నికలో కేసీఆర్‌కు 2 లక్షలకు పైగా మెజారిటీ. ఊపు ఉందనుకుని 2008లో 16 అసెంబ్లీ, 4 లోక్‌సభ సీట్లకు రాజీనామాలు చేశారు. తిరిగి గెలిచింది 7 అసెంబ్లీ, 2 లోక్‌సభ. సభల్లో చప్పట్లు తగ్గలేదు, ఓట్లు తగ్గాయి. ఆ దెబ్బ తిన్నాకే ఊరూరికీ పోయి జేఏసీలు కట్టారు. 2010 జూలైలో 12 సీట్లకు ఉప ఎన్నికలొస్తే టీఆర్ఎస్ 11, బీజేపీ 1, కాంగ్రెస్, తెలుగుదేశాలకు సున్నా. దాని ముందు ఏ ఎస్సెమ్మెస్ పోల్ నిలబడుతుంది? అయినా బ్యాలెట్ ఒక్కటే చాలదనీ వాళ్ళకు తెలుసు. 1971లోనే తెలంగాణ ప్రజా సమితి 14 లోక్‌సభ సీట్లలో 10 గెలిచింది, రాష్ట్రం 2014 జూన్ 2 దాకా రాలేదు.

సమైక్య శిబిరంలో సర్వేలకు పేరుమోసింది లగడపాటి రాజగోపాల్‌గారు. ఆంధ్రా ఆక్టోపస్ అన్నారు. 2018 డిసెంబర్‌లో తెలంగాణలో మహాకూటమికి 65, టీఆర్ఎస్‌కు 35, పది అటూఇటూ అన్నారు. టీఆర్ఎస్‌కు 88 వచ్చాయి. 2019లో ఆంధ్రలో తెలుగుదేశానికి వంద అన్నారు. వచ్చినవి 23, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 151. ఇక సర్వేలు చెయ్యనని ఆయనే ప్రకటించారు. ఆయన్ను చూసి నవ్వడం తేలిక. ఆ అంకె మీద పందేలు కాసి చేను అమ్ముకున్నవాళ్ళ ముందు నవ్వలేం.

అందుకని, పిల్లలూ, ఈ కాగితం రేపు ఒంగోలు తీసుకెళ్ళొద్దు. విలేకరి మొదటి ప్రశ్న అడుగుతాడు, ఎవరు నొక్కారు అని. మీ దగ్గర సమాధానం లేదు. మీ గ్రూపుల్లోవాళ్ళు నొక్కారు, వాళ్ళ స్నేహితులు నొక్కారు. నాలాంటి ముసలాడు ఎవడైనా నలభైసార్లు నొక్కాడేమో.

దీని బదులు ఒక పని చెబుతాను. కొత్తపట్నం ఓటర్ల జాబితా తీసుకోండి. వరసన ప్రతి ఇరవయ్యో పేరు దగ్గర గీత గీయండి. పేరు మీరు ఎంచుకోవద్దు, గీత ఎవరి మీద పడితే వాళ్ళింటికే పోండి. తలుపు తాళం వేసి ఉంటే పక్కింటికి పోవద్దు, మళ్ళీ వెళ్ళండి. పల్లెపాలెంలో బోట్లు ఎప్పుడు ఒడ్డుకొస్తాయో కనుక్కుని ఆ వేళకు పోండి, లేకపోతే ఇంట్లో ఆడవాళ్ళ మాట మాత్రమే దొరుకుతుంది. అదీ కావాలి, అది ఒక్కటే చాలదు. వలస పోయినవాళ్ళ పేరు ఎదురుగా వలస అని రాయండి. చెప్పను అన్నవాళ్ళను కూడా లెక్కపెట్టండి. అవును, కాదు కాకుండా ఇంకేమన్నా అంటే ఆ మాట అన్నదన్నట్టుగా రాయండి. ఫలితం మనకు వ్యతిరేకంగా వస్తే కూడా ఒంగోలులో చదువుదాం. చదవడానికి నేనే వస్తాను.

జాబితా జిరాక్సులు తెప్పించాను. నోటుపుస్తకాలు ఆ బల్ల మీద ఉన్నాయి. ఇద్దరిద్దరు చొప్పున పేర్లు రాయించుకోండి, ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లవాడు ఉంటే ఇళ్ళలో మాట్లాడతారు. పల్లెపాలెం వైపు నేనూ వస్తాను, కాస్త నెమ్మదిగా నడవాలి.